26 నెలలు మోసిన సంచీ: విశాఖ వన్‌టౌన్‌లో బోర్డు లేని తోలు కొట్టు

నేను మెడికల్ రెప్‌ని. ఈ ఉద్యోగంలో 19 ఏళ్ళు. ఇంతకాలంలో 13 బ్యాగుల్ని చంపాను. చంపాను అనే అంటాను. ఎందుకంటే ఒక్కదాన్నీ దొంగ ఎత్తుకుపోలేదు, ఒక్కదాన్నీ బస్సులో మర్చిపోలేదు. అన్నీ నా భుజం మీదో స్కూటర్ ఫుట్‌బోర్డు మీదో ప్రాణం విడిచినవే. పద్నాలుగోది ఇంకా బతికే ఉంది. ఈ రివ్యూ దాని గురించి, దాన్ని కుట్టిన కొట్టు గురించి.

పొద్దున్న ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు బ్యాగులో ఏముంటాయో ముందు చెప్పాలి. డాక్టర్లకు చూపించే ట్యాబ్, దాని ఛార్జర్, మూడు నాలుగు మందుల శాంపిల్ స్ట్రిప్పులు, కరపత్రాల కట్ట, ఆర్డర్ పుస్తకం, పంచిపెట్టే పెన్నులు, లీటర్ నీళ్ళ సీసా, టిఫిన్ డబ్బా, జూన్ నుంచి నవంబరు దాకా రెయిన్‌కోటు. ఒకసారి మా వీధి కిరాణా కొట్టు కాటా మీద పెట్టించాను. 6 కిలోల 400 గ్రాములు తూగింది. దాన్ని మోసుకుని మహారాణిపేటలో కేజీహెచ్ చుట్టుపక్కల సందులు, రామ్‌నగర్ ఆసుపత్రులు, ఆరిలోవ హెల్త్ సిటీ, వారానికి రెండు రోజులు అనకాపల్లి, విజయనగరం. రోజుకు పదిమంది డాక్టర్లంటే ఇరవైసార్లు బ్యాగు ఎత్తాలి, ఇరవైసార్లు దించాలి.

ఆ పదమూడింట్లో నాలుగు కంపెనీ మీటింగుల్లో ఇచ్చినవి. మిగతా తొమ్మిదీ నేను 1,600 నుంచి 2,200 దాకా పెట్టి కొన్నవి. అన్నిటికీ చావు మూడు దారుల్లోనే వచ్చింది. పిడి దగ్గర రివెట్టు గుడ్డని చింపుకుని ఊడొస్తుంది. లేదా జిప్పు పళ్ళు విడిపోతాయి. ఈ రెండూ కాకపోతే పైపొర పొలుసులు పొలుసులుగా రాలిపోతుంది. మూడోదే నాకు ఎక్కువ ఒళ్ళు మండించేది. ఒకసారి ‘జెన్యూన్ లెదర్’ అని ముద్ర ఉన్న బ్యాగు కొన్నాను. షాపులో కుర్రాడు లైటర్ వెలిగించి, దాని మీద మంట తాకించి మరీ చూపించాడు, కాల్లేదు చూశారా అని. 14 నెలలకు దాని మూలలు కుష్ఠు పట్టినట్టయ్యాయి. డాక్టర్ టేబుల్ మీద పెడితే గోధుమరంగు పొట్టు రాలేది. ఒక మేడమ్ టిష్యూ తీసి తుడుస్తూ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

తర్వాత తెలిసింది ఆ ముద్ర కథ. తోలు మందంగా ఉంటే దాన్ని అడ్డంగా పొరలుగా కోస్తారు. పైపొర, అంటే వెంట్రుకలుండే వైపు, గట్టిది. కింది పొరలో పట్టు తక్కువ. ఆ కింది పొర మీద పాలియురేథేన్ అనే ప్లాస్టిక్ పూత వేసి, దాని మీద తోలు గీతలు అచ్చు కొట్టి అమ్మినా అది తోలే, ‘జెన్యూన్’ అనేది అబద్ధం కాదు. ఇంకా కిందికి వెళ్తే తోలు ముక్కల్ని పొడి చేసి జిగురుతో షీట్లుగా ఒత్తినది ఉంటుంది. ఆ పాలియురేథేన్ పూతకు గాల్లో తేమే శత్రువు. వాడకుండా బీరువాలో పెట్టినా తేమకు అది విడిపోతుంది. విశాఖలో తేమకి కొదవా! ఇక లైటర్ పరీక్ష అంటారా, మంట క్షణంసేపు తాకితే చాలా సరుకులు తట్టుకుంటాయి. ఎవరైనా మీ ముందు లైటర్ తీస్తే బయటికి వచ్చేయండి.

ఈ కొట్టు నాకు దొరికింది మా బావమరిది నడుము మీద. పోర్టులో పని అతనికి. ఒకరోజు భోజనాల దగ్గర అతని బెల్టు చూసి ఎక్కడ కొన్నావని అడిగితే, తొమ్మిదేళ్ళ నాటిదన్నాడు. నేను నమ్మలేదు. విప్పి చేతికిచ్చాడు. రంగు ముదిరి చింతపండు రంగుకి వచ్చింది, రోజూ పెట్టుకునే కన్నం కాస్త సాగింది, అంతే. అంచు ఇంకా నున్నగా ఉంది.

పూర్ణామార్కెట్ దాటి టౌన్ కొత్తరోడ్డు వైపు వెళ్తుంటే ఎడం పక్క సందుల్లో ఒకదాంట్లో ఉంది. కచ్చితంగా ఏ సందో చెప్పను, ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది. బోర్డు లేదు. తలుపు రెండు రెక్కలూ తీస్తే కొట్టు మొత్తం కనిపిస్తుంది, అంత చిన్నది. బండి పెట్టడానికి చోటు లేదు. సాయంత్రం ఆ రోడ్డులో బండి ఆపడమంటే పక్కవాళ్ళతో తగాదా పెట్టుకోవడమే. మార్కెట్ దగ్గరే పెట్టేసి నడిచి వెళ్ళడం మేలు.

లోపల ఇద్దరుంటారు. ఆయనకు అరవై దాటి ఉంటాయి. నేను బాబాయ్ అంటాను. ఆయన నన్ను బాబూ అంటాడు, నాకు 44 ఏళ్ళొచ్చినా. లోపలి గోడకు ఆనుకుని పీట మీద కూర్చునేది ఆవిడ. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆవిడ ఊరికే కూర్చుందనుకున్నాను. ఆ పొరపాటు గురించి తర్వాత చెబుతాను.

నా పాత బ్యాగు బల్ల మీద పెట్టి, ఇలాంటిదే తోలుతో కావాలన్నాను. ఆయన దాన్ని పట్టుకుని ఎత్తి చూశాడు.

“ఏటి బాబూ, ఇందులో ఇటికలు మోస్తన్నావా?”

మందులు బాబాయ్ అన్నాను. ఆయన నవ్వలేదు. బ్యాగు తిరగేసి, పిడి ఊడిన చోటు వేలితో తడిమి, “బరువంతా ఈ రెండు మేకుల మీద ఏలాడతంది. ఊడకేటి సేస్తాది?” అన్నాడు. తర్వాత ఒక పాత కేలండర్ వెనక్కి తిప్పి పెన్సిల్‌తో బొమ్మ గీశాడు. రెండు పట్టీలు. పిడి దగ్గర మొదలై, బ్యాగు ముందు నుంచి దిగి, అడుగు కింద నుంచి తిరిగి, వెనక నుంచి పైకి. బరువు అడుగున ఉన్న పట్టీల మీద కూర్చుంటుంది, పిడి కుట్టు మీద పడదు. మన పెళ్ళిళ్ళలో కావడి మోసేవాళ్ళు తాడు అడుగు నుంచి కట్టినట్టన్నమాట. ఇన్నేళ్ళలో 13 బ్యాగులు మోసి నేను ఆలోచించని సంగతి ఆయన రెండు నిమిషాల్లో గీశాడు. నేను 3,000 అడ్వాన్స్ ఇచ్చింది ఆ బొమ్మ చూసే.

ఒక్క దగ్గర మాత్రం మా ఇద్దరికీ కుదరలేదు. నాకు జిప్పు కావాలి. ఆయన వద్దన్నాడు.

“ఉప్పుగాలికి జిప్పు నిలబడదు బాబూ. పైన మూత ఏసి, ఇత్తడి బకిల్ ఎడతాను. నీ తరవాత నీ కొడుకు మోసుకుంతాడు.”

మా వాడు సాఫ్ట్‌వేర్ అంటున్నాడు బాబాయ్, వాడు మోయడు, నాకు మాత్రం డాక్టర్ ముందు టక్కున తెరుచుకోవాలి అన్నాను. రాజీకి వచ్చాం: పైన జిప్పు, దాని మీద మూత, మూతకు ఇత్తడి బకిల్. ధర 8,500. మూడు వారాల్లో ఇస్తానన్నాడు. అది 2023 ఆగస్టు.

మూడు వారాలు పదకొండు వారాలైంది. ఇదే ఈ కొట్టు మీద నా మొదటి ఫిర్యాదు, పెద్ద ఫిర్యాదు కూడా. ఫోన్ చేస్తే ఎత్తరు. ఎత్తితే ‘ఆదివారం రా బాబూ’ అంటారు. ఏ ఆదివారమో చెప్పరు. వినాయక చవితి అయింది, దసరా అయింది. నవరాత్రుల్లో మా మేనేజర్ ఫీల్డ్‌కి వస్తే కుడి పిడి తాడుతో కట్టిన బ్యాగు పట్టుకుని ఆయన వెనక తిరిగాను. ఆ టెన్షన్ పడినవాడికే తెలుస్తుంది. అడ్వాన్స్ వెనక్కి అడుగుదామని ఒక ఆదివారం వెళ్ళాను. అడగలేదు. కూర్చుని మూడు గంటలు చూసి వచ్చాను.

ఆ రోజు నా బ్యాగు తోలు నేల మీద పరిచి ఉంది. గేదె తోలు. చెన్నై పెరియమేడు నుంచి ఆయనే రైలెక్కి వెళ్ళి తెచ్చుకుంటాడు. ఆంబూరు, రాణిపేట వైపు పదును చేసిన సరుకు అక్కడికి వస్తుంది. దాన్ని తలకిందులుగా తిప్పి, వెన్ను మీదుగా సుద్దముక్కతో గీత గీశాడు. వెన్నుకు అటూ ఇటూ ఉన్న భాగంలో పీచు దట్టంగా ఉంటుంది. పొట్ట భాగం వదులు, లాగితే సాగుతుంది. పట్టీలన్నీ వెన్ను వెంబడి పొడుగ్గా కోశాడు. అడ్డంగా కోస్తే ఏడాదికి సాగి వేలాడతాయట. పొట్ట భాగం లోపలి అరలకు పోయింది. నాలుగు కాళ్ళ దగ్గర ముక్కలు మిగిలితే వాటితో కీచెయిన్లు. బజారులో చవక బెల్టు ఆరు నెలలకు పాములా వంకర తిరిగితే అది పొట్ట ముక్క కావచ్చు, అడ్డంగా కోసిందీ కావచ్చు.

తోలు రెండు రకాలుగా పదును చేస్తారని పైపైన తెలుసు. ఆయన రెండు ముక్కలు చేతిలో పెట్టి చూపించాడు. ఒకటి క్రోమియం ఉప్పులతో చేసింది. దాని పదును ఒకట్రెండు రోజుల్లో అయిపోతుంది, మెత్తగా ఉంటుంది, నీళ్ళను బాగా తట్టుకుంటుంది. రెండోది చెట్టు చెక్కతో (బెరడుతో), కాయలతో వారాల తరబడి నానబెట్టింది. గట్టిగా ఉంటుంది, పడ్డ ముద్ర నిలుస్తుంది, అంచు రుద్దితే మెరుస్తుంది, వాడేకొద్దీ రంగు ముదురుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కట్టెల అడితి వాసన. నీటిబొట్టు వేస్తే పీల్చుకుని అక్కడ ముదురు మచ్చ పడుతుంది. నా బ్యాగు ఒళ్ళు, పట్టీలు ఈ రెండో రకం. లోపలి అరలు మొదటి రకం.

చెట్టు చెక్క అంటే మనవైపు తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ. పాడేరు ఏజెన్సీలో గిరిజనులు ఏరి అమ్మే కరక్కాయే. ఆయన తండ్రి చోడవరం దగ్గర ఊళ్ళో లంద పని చేసేవాడట. సున్నంలో నానేసి వెంట్రుకలు తీయడం, తర్వాత తంగేడు చెక్క నీళ్ళ లందలో తోళ్ళు ఊరబెట్టడం, నూతి మోటకు తోలు బొక్కెనలు కుట్టడం. “మా అయ్య కుట్టిన మోటతో తోడిన నీల్లు పొలానికి పనికొచ్చీవి. మా అయ్య ముట్టుకున్న నీల్లు ఊరికి పనికొచ్చీవి కావు,” అన్నాడు సూది మీద నుంచి కళ్ళెత్తకుండా. నాకు ఏం చెప్పాలో తోచలేదు. మా నాయనమ్మ ఇంట్లో తోలు వస్తువు గుమ్మం దాటనిచ్చేది కాదు. అదే పనికి ఇప్పుడు మాల్‌లో ‘హ్యాండ్‌క్రాఫ్టెడ్’ అని చీటీ వేలాడదీస్తే వరసలో నిలబడి కొంటున్నాం. ఆయన మాత్రం చెప్పులు చేయడు. ఎందుకని అడిగితే, చెన్నైలో పన్నెండేళ్ళు బ్యాగుల పని నేర్చుకున్నది అందుకే అన్నాడు. అంతకంటే అడగలేదు.

ఆయన పనిముట్లలో రెండే తండ్రివి: కన్నాలు పొడిచే ఆరె, తోలు చెక్కే రంపె. మిగతావన్నీ కొన్నవి. ఆరె పిడి నల్లబడి, బొటనవేలు ఆనే చోట గుంట పడింది. రంపెతో పట్టీ కొసలు చెక్కి పల్చన చేస్తుంటే తోలు వెల్లుల్లి పొట్టులా లేచి పడుతుంది. మడత పెట్టే చోట అలా పల్చన చేయకపోతే అంచు లావుగా, మొద్దుగా కనిపిస్తుంది. మామూలుగా మనం చూసి ‘ఫినిషింగ్ బాలేదు’ అనుకునేది సగం ఇక్కడే తేలిపోతుంది.

ఇప్పుడు ఆవిడ సంగతి. కుట్టు పనంతా ఆవిడదే. కొలతలు, కోత, బేరం ఆయనవి. నేను పిన్నీ అని పిలవడం ఆ రోజే మొదలుపెట్టాను. మోకాళ్ళ మధ్య చెక్క పట్టు ఇరికించుకుని, అందులో తోలు బిగించి, ఒకే దారానికి రెండు కొసల్లో రెండు సూదులు. ఆరెతో ముందు కన్నం. ఎడమ సూది ఇటు నుంచి అటు, కుడి సూది అదే కన్నంలోంచి అటు నుంచి ఇటు. రెండు చేతులూ పక్కలకు చాచి ఒక్క లాగు. మళ్ళీ కన్నం. మాట్లాడుతూనే ఉంటుంది, చేతులు ఆగవు. దారాన్ని ముందే తేనెమైనం ముద్ద మీద లాగి పెట్టుకుంటుంది. మైనం వల్ల దారం కన్నంలో పట్టుకుని కూర్చుంటుంది, తేమ తొందరగా పట్టదు.

మిషన్ కుట్టులో రెండు దారాలుంటాయి, పైదీ కిందదీ. రెండూ తోలు మధ్యలో ఒకదాన్నొకటి మెలేసుకుంటాయి, అంతే. ఒక చోట తెగితే అటూ ఇటూ లాక్కుంటూ పోతుంది. నా బ్యాగులు ఎన్నింటికో పక్క కుట్టు ఒక్క వారంలో జానెడు విచ్చుకుపోయింది ఇలాగే. రెండు సూదుల కుట్టులో ఒకే దారం ప్రతి కన్నంలోంచీ రెండుసార్లు వెళ్తుంది. ఒక కుట్టు తెగినా పక్క కుట్టు దాన్ని పట్టుకునే ఉంటుంది. మీరు కొనేది చేతి కుట్టో కాదో చూడాలంటే తిరగేసి చూడండి. రెండు వైపులా కుట్లు ఇంచుమించు ఒకేలా, కాస్త ఏటవాలుగా ఉండాలి. వరస చివర రెండు మూడు కుట్లు వెనక్కి వేసి ముగించి ఉండాలి.

బ్యాగు వచ్చాక టేపుతో కొలిచాను, నా పిచ్చి నాది. కుట్టు మొత్తం 6 మీటర్ల పైచిలుకు. నాలుగు మిల్లీమీటర్లకో కుట్టు. అంటే దాదాపు 1,500 కుట్లు. దారం కుట్టు పొడవుకు నాలుగింతలు కావాలంటుంది పిన్ని. ఆ లెక్కన 24 మీటర్ల దారం ఆవిడ చేతుల్లోంచి వెళ్ళింది. దీనికి మూడు రోజులు పట్టిందట. మిగతా పది వారాలు ఏమైంది అని మాత్రం అడక్కండి, నేనూ అడగలేదు.

అంచులు రుద్దడం కూడా ఆవిడదే. కోసిన అంచును గరుకు కాగితంతో సమం చేసి, తడిపి, గాడి ఉన్న కర్రముక్కతో వేడి పుట్టేదాకా రుద్దాలి. మైనం పట్టించి మళ్ళీ రుద్దాలి. నాలుగు విడతలు. ఆ కర్రను ఒకసారి ఏటికొప్పాకలో అంకుడు కర్రతో తిప్పించారట, బొమ్మలు చేసేవాళ్ళ దగ్గర. అందంగా వచ్చింది గానీ మెత్తన, గాడి తొందరగా అరిగిపోయింది. ఇప్పుడున్నది చింతచేవ. బజారు బ్యాగుల్లో అంచుకు రంగు పూసి వదిలేస్తారు. ఆ రంగు పగిలి ఊడుతుంది. రుద్దిన అంచులో ఊడటానికి ఏమీ లేదు, మసకబారితే మళ్ళీ రుద్దుకోవచ్చు.

2023 నవంబరు మొదటి వారంలో బ్యాగు చేతికొచ్చింది. ఖాళీ బ్యాగే కిలో 900 గ్రాములు. ఇది రెండో ఫిర్యాదు. పాతవి 800 దాటేవి కావు. మొదటి పదిహేను రోజులు భుజం పీకింది. అలవాటైందా అంటే అయింది. కానీ మెడ నొప్పి ఉన్నవాళ్ళు, బండి లేకుండా 28 నంబర్ బస్సెక్కి తిరిగేవాళ్ళు దీని జోలికి వెళ్ళొద్దు.

మూడో ఫిర్యాదు రంగు. మొదటి నెల బ్యాగు నా తెల్ల చొక్కా కుడి నడుం మీద తేనెరంగు మచ్చ వేసింది. ఒకసారి కాదు, నాలుగు చొక్కాలు. అద్దకం వేసిన తోలు కొత్తలో చెమటకి రంగు వదులుతుందని ఇచ్చేముందు చెప్పాలి కదా? చెప్పలేదు. మా ఆవిడ ఆ చొక్కాలు చూసి బ్యాగు ధరలో వాటి ధర కూడా కలిపింది. కొత్తది తెచ్చుకున్నవాళ్ళు తడి తెల్లగుడ్డతో బయటివైపు రెండు మూడుసార్లు తుడిచి, గుడ్డకు రంగు అంటడం తగ్గాకే లేతరంగు బట్టల మీద వేసుకోండి. లోపల అస్తరు లేదు కాబట్టి మొదట్లో సన్నటి తోలు నూగు కూడా రాలుతుంది. ట్యాబ్‌కి గుడ్డ సంచీ వేసుకుంటే సరి.

తెచ్చిన నెలకే మిగ్‌జాం తుఫాను. డిసెంబరు మొదటి వారం. తీరం దాటింది బాపట్ల దగ్గరైనా ఇక్కడా వాన ఒదల్లేదు. ఆ రోజు అనకాపల్లి నుంచి వస్తూ తడిసి ముద్దయ్యాను. బ్యాగు లోపల శాంపిళ్ళు పొడిగానే ఉన్నాయి, బయట మాత్రం ఏనుగు చర్మంలా నల్లబడింది. ఇంటికొచ్చి నేను చేసిన పని, ఇంకా తడవకూడదని పాలిథిన్ కవరులో చుట్టి అటక మీద పెట్టడం. మర్నాటి నుంచి కంపెనీ బ్యాగుతో తిరిగాను. ఆరో రోజు విప్పి చూస్తే తెల్లటి బూజు.

పట్టుకెళ్ళి చూపిస్తే బాబాయ్ నన్ను చూసిన చూపు, ఆ మేడమ్ టిష్యూ తీసిన నాటి చూపు, రెండూ ఒకటే. “పులుసు గిన్నె మీద మూతెట్టినట్టు ఎట్టీసినావు. గాలి తగలాల బాబూ దానికి.” బూజు పొడిగుడ్డతో తుడిచి, నీడలో రెండు రోజులు ఆరబెట్టి, పల్చగా నూనె పట్టించి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు. తడిసిన తోలును ఎండలో పెట్టకూడదు, పెళుసెక్కి పగులుతుంది. లోపల పాత పేపర్లు కుక్కి ఫ్యాను గాలికి వదిలేయాలి. నూనె కూడా మూడు నెలలకోసారి చాలు, ఎక్కువైతే తోలు వదులైపోతుంది.

అప్పుడే చెప్పాడు హుద్‌హుద్ సంగతి. 2014 అక్టోబరు 12న కొట్టు రేకులు లేచిపోయాయి. ఉన్న తోలంతా తడిసింది. వారానికి పైగా కరెంటు లేదు, ఆరబెట్టే దారి లేదు. క్రోమ్ తోలు చాలావరకు బతికింది. చెక్క తోలంతా బూజుపట్టి అట్టల్లా బిగుసుకుపోయింది. ఆ అట్టల్లో ఒకటి ఇప్పటికీ ఆయన కోత బల్ల మీద కింద పరుపుగా ఉంది.

ఇక జిప్పు. సరిగ్గా 15వ నెలలో పోయింది. బీచ్ రోడ్డు వైపు రోజూ తిరిగే బండి మీద ఉప్పుగాలి తినీ తినీ స్లైడర్ బిగుసుకుని, బలవంతంగా లాగితే రెండు పళ్ళు ఊడాయి. పట్టుకుని వెళ్ళగానే పిన్ని అందుకుంది: “సెప్పినాడు కదేటి? ఇన్లేదు నువ్వు.” వినలేదు, ఒప్పుకున్నాను. పాత బ్యాగుల్లో ఇక్కడితో కథ ముగిసేది. బజారులో బ్యాగులు బాగుచేసేవాళ్ళు కొత్త జిప్పు వేస్తే మిషన్ సూది పాత కన్నాల పక్కనే కొత్త కన్నాల వరస పొడుస్తుంది. చిల్లుల బారైన చోట ఏడాది తిరక్కుండా చిరుగుతుంది. పిన్ని పాత దారాన్ని కత్తి మొనతో ఒక్కొక్క కుట్టూ తెంపి లాగేసి, ఇత్తడి పళ్ళ కొత్త జిప్పు పెట్టి, అవే కన్నాల్లోంచి మళ్ళీ రెండు సూదులతో కుట్టింది. ఒక్క కొత్త కన్నం పడలేదు. కొట్టులోనే కూర్చున్నాను, గంటన్నర పట్టింది. 350 రూపాయలు. చేతి కుట్టుకు నేను డబ్బు పెట్టింది దీనికే అని అప్పుడు అర్థమైంది. చూడ్డానికి అందంగా ఉంటుందని మురిసిపోవడం కొన్నాళ్ళే. కుట్టినవాళ్ళే దాన్ని విప్పి మళ్ళీ కుట్టగలరు, అదీ నాకు పనికొచ్చింది.

పిడి, పట్టీలు, అడుగు: 26 నెలల తర్వాత కదల్లేదు. స్కూటర్ ఫుట్‌బోర్డుకు రాసుకునే ఎడమ మూల నల్లబడి నున్నబడింది, చిరగలేదు. బకిళ్ళు ఇత్తడివి, పచ్చగా కిలుం పట్టాయి. చింతపండుతో తోమబోతే మా ఆవిడే ఆపింది, తోలు పాడవుతుందని. పూత వేసిన బకిలైతే ఈపాటికి పొక్కులు లేచేది.

డబ్బు లెక్క కూడా చెప్పాలి కదా. ఇప్పటికి 8,850. నేను కొనే మామూలు బ్యాగు సుమారు 2,000, ఏడాదిన్నర వచ్చేది. ఆ లెక్కన ఇది కనీసం ఆరున్నరేళ్ళు వస్తేనే నాకు సమానం. రెండేళ్ళ రెండు నెలలే అయింది. కాబట్టి లాభం అని చెప్పలేను. చొక్కాలు కలిపితే అసలే చెప్పలేను.

మిగతా సరుకు గురించి క్లుప్తంగా. బెల్టు 1,100, కళ్ళు మూసుకుని తీసుకోండి, ఒకే పొర, మూడున్నర మిల్లీమీటర్ల మందం, లోపల అట్టా గిట్టా ఉండదు. పర్సు 900, వద్దు. బ్యాగు కుట్టే చెయ్యి పర్సుకు రాలేదు. తోలు లావు, ఆరు కార్డులు పెడితే జేబులో ఇడ్లీ పెట్టుకున్నట్టుంటుంది. రంగులు మూడే: తేనె, ముదురు గోధుమ, నలుపు. ఫోన్‌లో ఫొటో చూపించి అచ్చం ఇలాగే కావాలంటే చేయరు, ఆ మాట మీద ఒకామెతో నా ఎదుటే గొడవైంది. తప్పు ఇద్దరిదీ ఉంది. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద రాసిస్తారు. ఆదివారం మధ్యాహ్నం దాకా తీసే ఉంటారు. వెళ్తే కొలతలు ఆయనతో మాట్లాడి, ఎప్పటికి అవుతుందో మాత్రం పిన్నిని అడగండి. ఆవిడ చెప్పిన తేదీ నిజానికి కాస్త దగ్గరగా ఉంటుంది.

బ్యాగుకు అయిదుకి నాలుగున్నర. కొట్టుకు రెండు. ఆ రెండూ పిన్నివే.

సందు పేరు ఎందుకు చెప్పలేదంటే, మా టీమ్‌లో ఒక కుర్రాడు నా బ్యాగు చూసి మొన్న అక్టోబరులో ఇలాంటిదే ఆర్డరిచ్చాడు. అడ్వాన్స్ 4,000 కట్టాడు. సంక్రాంతికి ఇస్తానన్నాడట బాబాయ్. సంక్రాంతి వెళ్ళి పది రోజులైంది, వాడు నాకు రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఏ సంక్రాంతో అడిగావా అన్నాను. అడగలేదట.